స్టాంపు పేపరు మీద రాసుకున్నాం, చెల్లుతుందా? అగ్రిమెంటు గట్టిగా రాసుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రొయ్యల చెరువు లీజుకిచ్చినవాళ్లు అడుగుతారు, ధాన్యం తోలి డబ్బు రాక తిరుగుతున్నవాళ్లు అడుగుతారు, చేబదులిచ్చి ప్రోనోటు రాయించుకున్నవాళ్లు అడుగుతారు. "వంద రూపాయల పేపరు మీద రాసుకున్నాం గదా, నోటరీ కూడా చేయించినాం, ఇంక భయం లేదు గదా?" అని.

నేరుగా చెబుతాను. స్టాంపు పేపరు వల్ల ఒప్పందానికి బలం రాదు. అది ప్రభుత్వానికి మీరు కట్టే సుంకం, అంతే. 1872 నాటి ఒప్పంద చట్టం పదో సెక్షన్ చూసేవి వేరు. ఒప్పుకున్నవాళ్లకు ఒప్పుకునే అర్హత ఉందా? మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? ఇచ్చిపుచ్చుకునే ప్రతిఫలం ఉందా? చేసే పని చట్టం అనుమతించేదేనా? ఈ నాలుగూ ఉంటే తెల్లకాగితం మీద రాసినా, చాలా సందర్భాల్లో నోటిమాటగా అనుకున్నా అది ఒప్పందమే. వీటిలో ఒక్కటి లేకపోయినా, ఎంత ఖరీదైన స్టాంపు వేసినా ఆ కాగితాన్ని నమ్ముకోలేరు. స్టాంపు, సాక్షులు, రిజిస్ట్రేషన్ ఆ తర్వాత వస్తాయి. వాటిలోనూ పొరపాటు చేస్తే మంచి ఒప్పందం కూడా కోర్టులో రుజువు కాకుండా పోతుంది. కాబట్టి రెండూ చూసుకోవాలి.

కింద చెరువు లీజును ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను, తగాదాలు ఎక్కువగా వస్తున్నది అక్కడే కాబట్టి. ప్రోనోటుకు వేరే జాగ్రత్తలున్నాయి, అవి చివర్లో.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- భూమి 1-బి (యజమాని ఎవరో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) కాపీలు (ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో వస్తాయి)
- సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా)
- యజమాని చనిపోయి ఉంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం
- రెండు వైపులవాళ్ల ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్లు
- కరెంటు మీటరు ఎవరి పేరు మీదుందో తెలిపే చివరి బిల్లు
- ఆ ఊళ్లోనే ఉండే ఇద్దరు సాక్షులు

1. సంతకం పెట్టాల్సింది ఎవరో తేల్చండి

చెరువు గట్టు మీద బేరం మాట్లాడినాయనే యజమాని అనుకోవద్దు. 1-బిలో ఎవరి పేరుందో చూడండి. తండ్రి పేరు మీద ఉండి ఆయన పోయి ఉంటే, వారసులందరూ సంతకం పెట్టాలి. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దాయన ఒక్కడే సంతకం పెట్టి లీజు డబ్బు తీసుకుంటాడు, రెండో పంటకు తమ్ముడొచ్చి మోటారు ఆపేస్తాడు. ఇది మన దగ్గర మామూలుగా జరిగేదే. అంతకన్నా మామూలుగా మర్చిపోయేది ఆడపిల్లల సంతకాలు. పెళ్లై వేరే ఊరు పోయినా తండ్రి ఆస్తిలో వాళ్లకూ వాటా ఉంది. వాళ్లనూ రాసిచ్చేవాళ్లలో చేర్చండి.

వారసుల్లో 18 ఏళ్లు నిండని పిల్లలుంటే ఆ పిల్లల సంతకానికి విలువ లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చింది. వాళ్ల తరఫున తండ్రి, ఆయన లేకపోతే తల్లి సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చు. అయితే 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా ఐదేళ్లకు మించి గానీ, బిడ్డ మేజరైన తర్వాత ఏడాదికి మించి గానీ లీజుకివ్వడానికి వీల్లేదు.

యజమాని బదులు ఇంకొకరు జీపీఏ (యజమాని రాసిచ్చిన అధికారపత్రం) మీద సంతకం పెడుతుంటే ఆ జీపీఏ చదవండి. లీజుకిచ్చే అధికారం అందులో రాసి ఉండాలి. రాసిచ్చినాయన బతికి ఉన్నాడో లేదో కనుక్కోండి. ఆయన చనిపోతే మామూలుగా ఆ అధికారం కూడా పోతుంది. అవతలివాళ్లు భాగస్వామ్య సంస్థ అయితే ఏ భాగస్వామి ఏ హోదాలో సంతకం పెడుతున్నాడో రాయించండి. మీదే భాగస్వామ్యమైతే ఫర్మును రిజిస్టరు చేయించుకోండి. రిజిస్టరు కాని ఫర్ము తన ఒప్పందం మీద బయటివాళ్లపై దావా వేయలేదు.

2. భూమి ఎలాంటిదో చూడండి

ఇక్కడ పట్టించుకోకపోతే మిగతాదంతా వృథా. జిరాయితీ (సొంత పట్టా) భూమి అయితే ఇబ్బంది లేదు. డీకే పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే ఆగండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్నే కాదు, లీజును కూడా నిషేధించింది. చట్టం వద్దన్న పనికి రాసుకున్న కాగితం చెల్లదు, ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడం కూడా కష్టం. 20 ఏళ్లు నిండిన అసైన్డ్ భూములకు 2023లో సడలింపు వచ్చింది. అయినా మీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలోంచి (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) బయటికి వచ్చిందో లేదో చూడకుండా డబ్బు చేతులు మారనివ్వొద్దు. మన వైపు ఉన్న సీజేఎఫ్ఎస్ (సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాల) భూములకు కూడా ఇదే జాగ్రత్త.

ఉప్పునీటి చెరువైతే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. ఎవరి పేరు మీదుంది, ఎప్పటి దాకా ఉంది, లీజుకు తీసుకున్నవాళ్లు మళ్లీ చేయించుకోవాలా అన్నది మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. ఆ పని ఎవరు చేయించాలో అగ్రిమెంటులో ఒక వాక్యం రాయండి.

3. కొలతలను కాగితంలోనే తేల్చండి

అర్థం తేలని ఒప్పందం చెల్లదని ఒప్పంద చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. మనకు అలవాటైన కొలతలే ఇక్కడ ముంచుతాయి. నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. బయటి జిల్లా వ్యాపారికి పుట్టి అంటే ఇంకో లెక్క. అంకణం నెల్లూరులో 72 చదరపు అడుగులు, కొన్ని చోట్ల 36. అందుకే పుట్టి అని రాసినా పక్కన కిలోలు, అంకణాలు రాసినా పక్కన చదరపు అడుగులు రాయండి. తరుగు ఎంత తీస్తారో, తేమ ఎంత దాకా ఒప్పుకుంటారో కూడా అక్కడే రాయాలి.

చెరువుకైతే సర్వే నంబరు, ఎకరాలు సెంట్లు, నాలుగు వైపుల హద్దులు రాయండి. "మొత్తం విస్తీర్ణం" అని వదిలేయొద్దు. గట్లతో కలిపా, నీరు నిలిచే భాగమేనా? లీజు ఎకరాల లెక్కన ఉన్నప్పుడు ఈ ఒక్క మాట మీదే వేల రూపాయల తేడా వస్తుంది. ఏరేటర్లు ఎన్ని, మోటార్లు ఎన్ని హెచ్‌పీ, బోరు, షెడ్డు, ట్రాన్స్‌ఫార్మరు ఎవరిది, ఇవన్నీ ఒక జాబితాగా రాసి అగ్రిమెంటుకు జతచేసి, దాని మీద కూడా ఇద్దరూ సంతకం పెట్టండి. ఫోన్లో వీడియో తీసి ఇద్దరి వాట్సాప్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది.

4. డబ్బు సంగతి ముక్కుసూటిగా రాయండి

ఎంత, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. ఏ తేదీకి ఎంత. అడ్వాన్సు లీజులో జమ అవుతుందా, చివర్లో తిరిగిస్తారా? నేను చూసిన కాగితాల్లో సగం ఈ చివరి ముక్క దగ్గరే మౌనంగా ఉంటాయి, తగాదా కూడా అక్కడే మొదలవుతుంది.

డబ్బు బ్యాంకు ద్వారా పంపండి, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు అగ్రిమెంటులో రాయండి. పన్ను తగ్గుతుందని కాగితంలో తక్కువ మొత్తం రాసి మిగతాది చేతికివ్వడం పెద్ద ప్రమాదం. రేపు కోర్టు కాగితంలో ఉన్నదాన్నే చూస్తుంది.

5. తేడా వస్తే ఏమిటన్నది అందరూ బాగున్నప్పుడే రాసుకోండి

బేరం కుదిరిన రోజు తగాదా గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు. "మన మధ్య అవన్నీ ఎందుకు బావా" అంటారు. కానీ అగ్రిమెంటు అక్కరకొచ్చేది తేడా వచ్చినప్పుడే. చెరువు లీజులో కనీసం ఈ నాలుగు సంగతులు తేల్చుకోండి.

గడువు అయిపోయేనాటికి చెరువులో సరుకు ఉంటే? అన్నిటికన్నా ఎక్కువ గొడవ దీని మీదే. ఇలా రాయొచ్చు:

"లీజు గడువు ముగిసేనాటికి చెరువులో రొయ్యలు ఉన్నచో పట్టుబడి పూర్తయ్యే వరకు గానీ, గడువు తేదీ నుంచి ____ రోజుల వరకు గానీ, ఏది ముందైతే అప్పటికి చెరువు ఖాళీ చేసి అప్పగించవలెను. ఆ అదనపు రోజులకు ఎకరాకు రోజుకు రూ. ____ చొప్పున చెల్లించవలెను."

తుఫానో, వరదో వస్తే? 2021 నవంబరులో పెన్నకు వచ్చినలాంటి వరద వచ్చి గట్టు తెగితే బాగుచేయించేది ఎవరు, ఆ పంట కాలానికి లీజు తగ్గుతుందా? "దేవుడి చేతిలో పని, లీజు కట్టను" అంటే సరిపోదు. అసాధ్యమైన ఒప్పందాల గురించి చెప్పే ఒప్పంద చట్టం 56వ సెక్షన్‌ను లీజులకు వర్తింపజేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీకు కావలసిన మినహాయింపు మీ కాగితంలోనే ఉండాలి. వైరస్ వచ్చి పంట పోతే ఎలా అన్నది కూడా విడిగా రాయండి. అది వరద కిందికి రాదు.

కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, బకాయి పడితే ఎవరి బాధ్యత?

మధ్యలో వదిలేస్తే ఎంత నష్టపరిహారం? ఇక్కడ ఒక అపోహ ఉంది. "మాట తప్పితే రెట్టింపు ఇవ్వాలి" అని రాసుకుంటే రెట్టింపు వస్తుందనుకుంటారు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం మీరు రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు నిర్ణయిస్తుంది. అందుకే భయపెట్టే అంకె వేయకుండా, నిజంగా ఎంత నష్టం వస్తుందో లెక్కగట్టి రాయండి.

"కోర్టుకు పోకూడదు, పెద్దమనుషులు చెప్పిందే తుది మాట" అని రాసేవాళ్లున్నారు. కోర్టుకు పోయే హక్కును పూర్తిగా తీసేసే షరతు చెల్లదు. ఇద్దరికీ సమ్మతమైన, ఎవరి వైపూ డబ్బు సంబంధం లేని మధ్యవర్తిని పెట్టుకోవచ్చు, అప్పుడు దాన్ని మధ్యవర్తిత్వ షరతుగా వకీలు చేత రాయించండి.

6. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు

మేత అరువుకిచ్చేచోట ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు తీసుకోవడం అలవాటైపోయింది. దయచేసి ఇది చదివినవాళ్లయినా ఆ పని చేయకండి. స్టాంపు ఉన్న ప్రోనోటు కాగితం మీద ఖాళీగా సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం మీరే ఇచ్చినట్టు చట్టం చూస్తుంది. "నేను రాసింది కాదు" అని తర్వాత రుజువు చేయాల్సిన భారం మీ మీద పడుతుంది. తప్పనిసరైతే మొత్తం, తేదీ నింపి, చెక్కు వెనుక ఫలానా అరువుకు హామీగా ఇచ్చినదని రాసి, ఫోటో తీసుకుని ఇవ్వండి.

బెదిరించి, మోసంతో, లేదా మన మీద ఉన్న పెత్తనాన్ని వాడుకుని రాయించుకున్న ఒప్పందాన్ని బాధపడ్డవాళ్లు కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. తాగి ఒళ్లు తెలియని స్థితిలో పెట్టిన సంతకం కూడా నిలబడదు. రాయించుకునేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. చదువురాని వాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకుంటుంటే, వాళ్ల మనిషి ఒకరు పక్కనుండగా మొత్తం చదివి వినిపించి, "చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని, సమ్మతించి వేలిముద్ర వేసితిని" అని రాయండి. ఎవరు చదివి వినిపించారో వాళ్ల సంతకం కూడా ఉండాలి.

7. స్టాంపు, రిజిస్ట్రేషన్

"11 నెలలకు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని రైటర్లు సైతం చెబుతుంటారు. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది దేశమంతటా ఉన్న నియమం. కానీ మన రాష్ట్రంలో 1999 సవరణతో గడువు ఎంతన్నదానితో పని లేకుండా స్థిరాస్తి లీజు పత్రాలన్నీ రిజిస్టరు చేయాల్సిందే. మూడేళ్ల లీజును వంద రూపాయల పేపరు మీద రాసుకుంటే, మీరు ఆ చెరువులో ఎలాంటి హోదాలో ఉన్నారన్నది చూపడానికి పనికొస్తుందేమో గానీ, మిగిలిన షరతులను కోర్టు చూడదు.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. ఫలానా రోజున ఫలానా మనిషి సంతకం పెట్టాడన్నదానికి మాత్రమే అది ఆసరా.

స్టాంపు ఎంత అన్నది లీజు మొత్తం, గడువును బట్టి మారుతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి వేయండి. తక్కువ వేస్తే లోటు కట్టి, దానికి పది రెట్ల దాకా జరిమానా కడితే గానీ కోర్టు ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోదు. సంతకాలైన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి.

స్టాంపు పేపరు ఆర్నెల్లు దాటితే పనికిరాదన్నది కూడా నిజం కాదు. ఆర్నెల్లు అన్నది వాడని పేపరుకు డబ్బు వాపసు అడిగే గడువు. పాత పేపరు మీద రాసినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పాత తేదీ వేయడానికే పాత పేపరు తెచ్చారన్న అనుమానం రాకుండా, ఆ వారంలో కొన్నదే వాడండి. కొన్నవారి పేరు ఒప్పందంలో ఉన్నవాళ్లలో ఒకరిదై ఉండాలి. కొన్న తేదీ సంతకాల తేదీ కన్నా ముందుదో, అదే రోజుదో అయి ఉండాలి.

8. సంతకాల రోజు

ప్రతి పేజీ మీద అందరూ సంతకం చేయండి. కొట్టివేతలుంటే పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టండి. లీజుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం అనదు, కానీ లేకపోతే రేపు చెప్పేవాళ్లుండరు. మీ బామ్మర్దినీ, మీ దగ్గర జీతానికి ఉన్నాయననూ పెట్టొద్దు. అవసరమైతే కోర్టుకొచ్చి నిలబడగలిగిన, వయసులో మీకన్నా చిన్నవాళ్లను పెట్టండి. రెండు అసలు ప్రతులు చేసి చెరొకటి తీసుకోండి. లామినేషన్ చేయించొద్దు, సంతకం మీద తగాదా వస్తే నిపుణులు పరీక్షించడం కష్టమవుతుంది.

రాయలేకపోతే

ధాన్యం, నిమ్మకాయలు, రొయ్యల అమ్మకాల్లో కాగితం రాసుకునే తీరిక ఉండదు. అమ్మకం నోటిమాటతో కుదిరినా చెల్లుతుంది, రుజువే సమస్య. అదే సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజి పెట్టండి: "ఈ రోజు 60 కౌంటు ____ కిలోలు, కిలో ____ రూపాయల లెక్కన మీకు తోలాను. ____ తేదీలోపు డబ్బు వేస్తామన్నారు." (60 కౌంటు అంటే కిలోకు 60 రొయ్యలు.) అవతలివాళ్లు సరే అంటే అది మంచి సాక్ష్యం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందాన్ని 2000 నాటి ఐటీ చట్టం గుర్తిస్తుంది. కాటా చీటీలు, లారీ నంబరు ఫోటో దాచండి. ఫోన్ మార్చినప్పుడు ఆ చాట్ పోగొట్టుకోవద్దు.

ప్రోనోటుకు ప్రత్యేకంగా

రెవెన్యూ స్టాంపు అతికించి, దాని మీదుగా సంతకం చేయించండి. లీజు పత్రానికి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు, ప్రోనోటుకు ఆ అవకాశం లేదు. "మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ" అన్న మాట వదలొద్దు. అది లేకుండా కింద సాక్షి సంతకం ఉంటే దాన్ని బాండుగా లెక్కగట్టి ఎక్కువ స్టాంపు అడగొచ్చు. వడ్డీ "రెండు రూపాయలు" అని కాకుండా నూటికి నెలకు ఎంతో రాయండి.

20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉంటే తప్ప. బ్యాంకు ద్వారా ఇస్తే ఇచ్చినట్టు రుజువు కూడా దొరుకుతుంది.

అడిగినప్పుడు తీర్చే నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. ఆలోపు కొంత కట్టించుకుని నోటు వెనుక చెల్లు (కట్టినట్టు రాత) వేయించుకుంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. చెల్లు బాకీ ఉన్నాయన చేతిరాతతోనో, సంతకంతోనో ఉండాలి. మీరే రాసుకుని ఆయన సంతకం లేకపోతే లెక్కలోకి రాదు. మూడేళ్లు దాటాక వేయించిన చెల్లు కాలదోషం పట్టిన నోటును లేపదు. అప్పుడు బాకీ తీరుస్తానని కొత్తగా రాసి సంతకం చేయించుకోవడమే దారి.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

సంతకాలకు ముందు ఆ కాగితాన్ని బేరంతో సంబంధం లేని, తెలుగు చదవగలిగిన ఒకరికి ఇవ్వండి. మీరేమీ చెప్పకుండా అడగండి: ఎవరు ఎవరికి ఇస్తున్నారు? ఏది? ఎంతకు? ఎప్పటిదాకా? కట్టకపోతే ఏమవుతుంది? మధ్యలో వరదొస్తే? ఆ మనిషి ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మార్చండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ ఈసీ తీసి, మీ పత్రం నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఎక్కాయో చూడండి. సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడితే సవరణ పత్రం వెంటనే రాయించుకోవాలి, రెండేళ్ల తర్వాత ఆ సంతకాలు దొరకవు.

మాట తప్పితే

పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తొద్దు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటే తప్ప ఇది సివిల్ వ్యవహారమే. వకీలు చేత నోటీసు పంపించి, అందినట్టు రసీదు దాచండి. చాలా ఒప్పందాలకు, లీజు బకాయిలకు కూడా దావా గడువు మూడేళ్లే. రాజీ మాటల్లో ఆ గడువు దాటిపోకుండా చూసుకోండి. రాజీ కుదిరేలా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టండి. అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ చేయాల్సిన నంబరు 15100.